చేయని కర్మకు ఫలం: వలస, నేరం, అనుమానం

వలస వచ్చినవారి వల్ల నేరాలు పెరుగుతాయా అన్న ప్రశ్నను సామాజిక శాస్త్రజ్ఞులకూ పోలీసు శాఖలకూ వదిలివేయడం ఆనవాయితీ. లెక్కలు తీస్తే తేలిపోయే విషయంలో తత్త్వశాస్త్రానికి పనేముందన్న భావన దానికి కారణం. అయితే లెక్కలు తేలి వందేళ్లు దాటినా నమ్మకం చెక్కుచెదరని చోట, ఆ నమ్మకం అసలు దేని మీద నిలబడి ఉందో విచారించవలసిన బాధ్యత తత్త్వశాస్త్రం మీదనే పడుతుంది. ఆ విచారణలో రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉంటాయి. ఒక సమూహాన్ని గురించి తెలిసినదాని నుంచి అందులోని ఒక వ్యక్తిని గురించి ఏమి తెలుసుకోవచ్చునన్నది జ్ఞానానికి సంబంధించిన ప్రశ్న. ఒకరు చేసిన పనికి మరొకరిని బాధ్యుణ్ణి చేయవచ్చునా అన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండవది తీరదన్న సంగతిని వలసదారుల పక్షాన వాదించేవారు సైతం తరచు మరిచిపోతుంటారు.

అమెరికా సంయుక్త రాష్ట్రాల అనుభవం ఈ విచారణకు అనువైనది, ఎందుకంటే అక్కడ అనుమానమూ, దాని మీద జరిగిన పరిశీలనా రెండూ రాతపూర్వకంగా నిలిచి ఉన్నాయి. ఇటలీ నుంచి, పోలండ్ ప్రాంతాల నుంచి, రష్యా సామ్రాజ్యం నుంచి లక్షలాది మంది ఓడలు దిగుతున్న కాలంలో, 1907లో, అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ ఒక విచారణ సంఘాన్ని ఏర్పరచగా, సెనేటర్ విలియం డిల్లింగ్‌హామ్ దానికి అధ్యక్షత వహించాడు. ఈ కొత్త వలసలు దేశానికి చేటు తెస్తాయన్న అనుమానం ఆ రోజుల్లో పాలకవర్గాల్లో బలంగా ఉండేది. 1911లో 41 సంపుటాలుగా వెలువడిన నివేదికలో ఒక సంపుటాన్ని నేరాల అంశానికే కేటాయించి, వయోజన జనాభా పెరుగుదలను మించిన నిష్పత్తిలో వలసల వల్ల నేరాలు పెరిగాయనడానికి తృప్తికరమైన సాక్ష్యం ఏదీ లేదని అందులో తేల్చారు. అయినా అదే సంఘం వలసలను కట్టడి చేయాలని సిఫారసు చేసింది, ఆ దారిలోనే 1917లో అక్షరాస్యత పరీక్ష, 1921లోనూ 1924లోనూ దేశాలవారీ కోటాలు వచ్చాయి. అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ కాలంలో జార్జ్ వికర్‌షామ్ నాయకత్వాన ఏర్పడిన మరో సంఘం 1931లో ఇదే విషయాన్ని మళ్లీ పరిశీలించి, జనాభా నిష్పత్తిలో చూస్తే విదేశాల్లో పుట్టినవారు స్థానికుల కంటే తక్కువ నేరాలకే పాల్పడుతున్నారని చెప్పింది. తర్వాతి తరాల రాజకీయ ప్రసంగాల్లో ఆ నివేదికల జాడ కనిపించదు.

ఇటీవలి పరిశోధనలు ఇంకా లోతుకు వెళ్లాయి. రాన్ అబ్రమిట్‌స్కీ, లియా బౌస్తాన్ తదితర ఆర్థిక శాస్త్రవేత్తలు 1870 నుంచి 2020 వరకు గల జనాభా లెక్కలను పరిశీలించి, ఈ నూటయాభై ఏళ్లలో వలస వచ్చిన పురుషులు మొత్తం మీద స్థానికుల కంటే ఎక్కువ నిష్పత్తిలో జైళ్లపాలైన దశ లేదని, 1960 తర్వాత ఆ నిష్పత్తి మరింత తగ్గి నేడు స్థానికులతో పోలిస్తే దాదాపు 60 శాతం తక్కువగా ఉందని 2023లో చూపారు. అనుమతి పత్రాలు లేనివారి సంగతి వేరనే ఆక్షేపణకు టెక్సాస్‌లో జవాబు దొరుకుతుంది, ఎందుకంటే అరెస్టయిన వ్యక్తి వలస హోదా ఏమిటో కూడా తెలిసే నమోదులు ఆ రాష్ట్రంలో ఉన్నాయి. 2012 నుంచి 2018 వరకు గల ఆ నమోదులను చదివిన మైకేల్ లైట్, ఆయన సహచరులు, హింసాత్మక నేరాలకు అరెస్టయ్యే రేటు పత్రాలు లేనివారిలో కంటే అమెరికాలో పుట్టిన పౌరుల్లో రెట్టింపుకు పైగా ఉందని 2020లో ప్రకటించారు. ఇంత తెలిశాక, 2024 ఆరంభంలో ప్యూ పరిశోధన కేంద్రం అడిగినప్పుడు, సరిహద్దుకు వస్తున్న వలసల వల్ల నేరాలు పెరుగుతున్నాయని జవాబిచ్చిన అమెరికన్లు 57 శాతం. అసలు నేరం విషయంలో జనాభిప్రాయం వాస్తవానికి దూరంగా నడవడం వలసల ప్రసక్తి లేనిచోట కూడా ఉన్నదే. హింసాత్మక నేరాల రేటు 1993 నుంచి 2022 నాటికి ఇంచుమించు సగానికి పడిపోయిన ఆ దేశంలో, 1993 తర్వాత గ్యాలప్ సంస్థ జరిపిన 27 సర్వేలలో 23 సార్లు కనీసం 60 శాతం మంది, కిందటేడు కంటే దేశంలో నేరాలు పెరిగాయనే చెప్పారు.

ఈ అభిప్రాయం చేతల్లోకి దిగితే ఏమవుతుందో చెప్పడానికి 1891 నాటి న్యూ ఆర్లీన్స్ చాలు. ఆ నగర పోలీసు అధిపతి డేవిడ్ హెనెసీ అంతకు ముందు ఏడాది అక్టోబరులో హత్యకు గురికాగా, సిసిలీ నుంచి వచ్చిన వలసదారులను గుంపులుగా పట్టుకుపోయారు. విచారణకు నిలిపిన తొమ్మిది మందిలో ఆరుగురిని దోషులు కారని జ్యూరీ విడిచిపెట్టింది, మిగిలిన ముగ్గురి విషయంలో ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. ఆ మర్నాడు, మార్చి 14న, వేల మంది జైలు మీదికి వెళ్లి పదకొండు మందిని చంపారు, వారిలో అసలు విచారణకే రానివారు కూడా ఉన్నారు. జ్యూరీ ఒక్కొక్క మనిషిని విడిగా నిలబెట్టి చూసింది. గుంపుకు ఆ అవసరం తోచలేదు, పేరూ పుట్టుకా తెలిస్తే చాలుననుకుంది. ఆనాటి పెద్ద పత్రికలలో కొన్ని ఆ హత్యలను సమర్థించాయి కూడా. ఇటలీతో దౌత్య సంబంధాలు చెడిన మీదట అమెరికా ప్రభుత్వం 25,000 డాలర్ల పరిహారం చెల్లించింది.

ఇదంతా అబద్ధపు ప్రచారం వల్ల జరిగే పని అనుకోవడం సగమే నిజం. 2024 సెప్టెంబరులో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో హైతీ వలసదారులు ఇరుగుపొరుగుల పెంపుడు జంతువులను తింటున్నారన్న పచ్చి అబద్ధం దేశమంతా పాకి, బాంబు బెదిరింపుల వల్ల బడులు మూతపడేంత వరకు వెళ్లిన మాట వాస్తవమే. కాని ఎక్కువ సందర్భాలలో అబద్ధం అవసరం లేకుండానే పని జరిగిపోతుంది. స్థానికుడు దొంగతనం చేస్తే వార్తలో అతని వయసు, వృత్తి కనిపిస్తాయి. వలసదారుడు చేస్తే అతని దేశం శీర్షికకెక్కుతుంది. చదివేవాడికి మొదటి సంఘటన ఒక మనిషి కథగా, రెండవది ఒక జాతి కథగా జ్ఞాపకం ఉండిపోతుంది. విడివిడిగా ప్రతి వార్తా నిజమే అయినా, అవన్నీ కలిసి మనసులో నిలిపే చిత్రం అసత్యం కావచ్చు. జర్మనీలో పత్రికల నియమావళి నిందితుడి జాతిని, మతాన్ని అనవసరంగా ప్రస్తావించరాదని చాలాకాలంగా చెబుతూ వచ్చింది, 2015 చివరి రాత్రి కొలోన్ నగరంలో స్త్రీలపై పెద్ద ఎత్తున జరిగిన లైంగిక దాడుల అనంతరం వచ్చిన విమర్శలతో 2017లో ఆ నియమం మాటలను మార్చుకోవలసి వచ్చింది. దాచిపెడుతున్నారన్న అనుమానం కూడా నమ్మకాన్నే పెంచుతుంది కనుక, వార్తను కత్తిరించడం ఈ జబ్బుకు మందు కాలేకపోయింది.

జబ్బు అనుమానపు పద్ధతిలోనే ఉంది. ఇక్కడ అనుమానం అన్న పదాన్ని సందేహం అన్న వాడుక అర్థంలో కాక, తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని ఊహించే ప్రమాణమన్న న్యాయదర్శన పరిభాషలో గ్రహించాలి. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని ఊహించడం సరైన అనుమానం, ఎందుకంటే పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుంది. ఈ తప్పని సంబంధాన్ని ఆ దర్శనానికి చెందిన నైయాయికులు వ్యాప్తి అంటారు. దాన్ని తిరగేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుందంటే అది చెల్లదు, ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉన్నా పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తోడు కావాలి. పొగ ఉన్న ప్రతి చోటా ఉంటూ, నిప్పు ఉన్న ప్రతి చోటా ఉండని ఈ తడి కట్టె వంటి లోపలి షరతుకు శాస్త్రంలో ఉపాధి అని పేరు. ఉపాధిని గుర్తించకుండా నిప్పుకే పొగను అంటగట్టేవాడి అనుమానం దుష్టమవుతుందని అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఈ ఉదాహరణతోనే వివరించాడు. ఆంధ్రదేశం నుంచి కాశికి వెళ్లి స్థిరపడిన ఆ పండితుడూ ఒక విధంగా వలస వెళ్లినవాడే, కాశికి పోయిన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడన్న సామెత పుట్టేంతగా అక్కడ గౌరవం పొందినవాడు.

బయటివాడు కాబట్టి నేరస్థుడు అన్న వాక్యాన్ని ఈ గీటురాయి మీద పెడితే ఉపాధులు ఒకటొకటిగా బయటపడతాయి. ఏ దేశంలోనైనా నేరాలలో అధిక భాగం యౌవనంలో ఉన్న పురుషులు చేసేవే. వలస వచ్చే గుంపులో యువకుల పాలు ఎక్కువగా ఉంటే, అక్కడ నేరం కొంత ఎక్కువగా కనిపించడానికి వారి దేశం కంటే వారి వయసే ఎక్కువ కారణం కావచ్చు. పేదరికం, చదువు ఆగిపోవడం, పనిచేసే హక్కు లేకుండా ఏళ్ల తరబడి శిబిరాల్లో వేచి ఉండడం, ముఠాలు పాతుకుపోయిన పేటలలో తప్ప ఇల్లు అద్దెకు దొరకకపోవడం, ఇవన్నీ నేరంతో కలిసి నడిచేవే కాని పరాయితనంతో తప్పనిసరిగా కలిసి ఉండేవి కావు. కంటికి ముందుగా కనిపించేది మాత్రం చర్మపు రంగు, యాస, వేషం. ఉపాధి వెతికితే తప్ప దొరకదు, గుర్తు వెతకకుండానే దొరుకుతుంది, మనసు దొరికినదాన్నే హేతువుగా పట్టుకుంటుంది.

అయితే ఈ తర్కం ఒక చోట ఆగి నిజాయితీగా చూడవలసిన విషయం ఉంది. అన్ని దేశాల లెక్కలూ అమెరికా లెక్కల్లా లేవు. స్వీడన్ నేర నివారణ మండలి 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారం, స్వీడన్‌లో పుట్టిన తల్లిదండ్రులకు అక్కడే పుట్టినవారితో పోలిస్తే, విదేశాల్లో పుట్టినవారు నేరానుమానితులుగా నమోదయ్యే రేటు రెండున్నర రెట్లు ఉంది, వయసు, ఆదాయం వంటి ఉపాధులను లెక్కలో నుంచి తొలగించాక ఆ తేడా తగ్గింది గాని మాయం కాలేదు. పనికోసం వచ్చేవారు ఎక్కువగా ఉన్న దేశానికీ, యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవారు ఎక్కువగా ఉన్న దేశానికీ తేడా ఉండడం ఆశ్చర్యం కాదు. ఆ వివరాన్ని దాటవేయడం వలసదారులకు మేలు చేయదు. కాని రెండున్నర రెట్లన్న అంకె కూడా వ్యాప్తి కాదు. విదేశాల్లో పుట్టినవారిలో అత్యధికులు ఏ నేరంలోనూ అనుమానితులు కానే కారు కనుక, పరాయితనమన్న హేతువు నేరం లేనిచోట కూడా ఉంటూనే ఉంది. సాధ్యం, అంటే రుజువు చేయదలచిన విషయం, లేనిచోట కూడా కనిపించే ఇటువంటి హేతువును శాస్త్రం సవ్యభిచారమంటుంది, అంటే దారి తప్పిన హేతువని అర్థం. పాలన చేసేవాడికి ఆ అంకె పనికిరావచ్చు, ఏ పేటలో బడి పెట్టాలో, ఎక్కడ వృత్తి శిక్షణ అవసరమో అది చెబుతుంది. ఎదురుగా నిలబడిన మనిషి ఏమి చేశాడో అది చెప్పదు.

స్వీడన్ ఉదాహరణ వల్ల మరో పెద్ద సంగతి తేటపడుతుంది. వలసదారులు స్థానికుల కంటే తక్కువ నేరాలు చేస్తారు కాబట్టి వారిని అనుమానించరాదని వాదించేవారు, ఎక్కువ చేస్తే అనుమానించవచ్చునన్న సూత్రాన్ని తెలియకుండానే ఒప్పుకుంటున్నారు. అంకెలు అనుకూలంగా ఉన్నంతకాలం ఆ వాదం గెలుస్తుంది, అవి తిరగబడిన రోజున వాదించేవాడి చేతిలో ఏమీ మిగలదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి సంఘాలలో వినిపించే ఒక గర్వం ఈ దోషానికి మంచి ఉదాహరణ: చదువులోనూ ఆదాయంలోనూ ముందుండి చట్టానికి కట్టుబడి బతికే సమూహం కనుక తమను మిగతా వలసదారులతో కలిపి చూడకూడదన్నది ఆ మాట సారం. అందులోని వాస్తవాన్ని కాదనలేము. కాని తక్కినవారిని సమూహంగా తూచడానికి అభ్యంతరం చెప్పకుండా, తన సమూహానికి మాత్రం మంచి తూకం కోరడం దాని లోపలి అర్థం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథాలో, పని ముగించుకుని ఒక బార్‌లో కూర్చున్న హైదరాబాదు ఇంజనీరును కాల్చి చంపి, అతని తెలుగు మిత్రుణ్ణి గాయపరిచినవాడు వారిని ఇరానీయులనుకున్నాడు. ఆ తూటాకు ఆదాయ లెక్కలు తెలియవు. అడ్డుకోబోయి గాయపడిన మూడవ మనిషి వారిని ఎరగని స్థానిక అమెరికన్ అన్న వాస్తవం కూడా చెప్పుకోవలసిందే, ఎందుకంటే స్థానికులను సైతం ఒకే మూటగా కట్టరాదు.

అంకెలను దాటి నిలబడగల సూత్రం ఎక్కడ దొరుకుతుంది? భారతీయ దర్శనాల వాదప్రతివాదాలలో తరచుగా కనిపించే ఒక జంట దోషాల పేర్లు ఇక్కడ అక్కరకు వస్తాయి. చేసిన కర్మకు ఫలం లేకుండా పోవడం కృతనాశం. చేయని కర్మకు ఫలం వచ్చి మీద పడడం అకృతాభ్యాగమం. క్షణక్షణానికి మారిపోయే ప్రవాహమే మనిషి అన్న బౌద్ధ సిద్ధాంతాన్ని ఖండించేటప్పుడు, ఆ మాట ఒప్పుకుంటే చేసినవాడొకడు, అనుభవించేవాడు మరొకడు అవుతాడని ఆస్తిక దర్శనాలవారు ఈ రెండు దోషాలను చూపేవారు. బౌద్ధులూ ఆ దోషాలు తమకు అంటవని నిరూపించడానికే ప్రయత్నించారు గాని, అవి దోషాలే కావని అనలేదు. ఆత్మ ఉందా లేదా అన్నంత మౌలికమైన విషయంలో తలపడిన పక్షాలు, ఒకరి పనికి మరొకరు ఫలం అనుభవించడం అసంబద్ధమన్న ఒక్క విషయంలో ఏకీభవించడం గమనించదగినది. గుంపుకు అంటగట్టిన నేరం, తాత్త్విక పరిభాషలో చెప్పాలంటే, అకృతాభ్యాగమానికి సామాజిక రూపం.

మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ ఈ దోషాన్ని మనుషుల మధ్యకు తెచ్చి చూపిస్తుంది. మౌనవ్రతంలో ఉన్న ఆ ముని ఆశ్రమంలోకి, భటులు తరుముతుంటే పారిపోయి వచ్చిన దొంగలు చొరబడి, దోచిన సొమ్ముతో సహా దాక్కున్నారు. దొంగలు ఎటు వెళ్లారని భటులు అడిగితే ముని పలకలేదు. వెతికితే సొమ్ము దొరికింది. దొరికిన చోటును, పలకని నోటిని కలిపి భటులు ఒక అనుమానం చేశారు, రాజు దాన్ని తీర్పుగా మార్చి దొంగలతోపాటు అతణ్ణీ కొరత వేయించాడు. తపోబలం వల్ల ప్రాణం పోని మాండవ్యుణ్ణి గుర్తించి రాజు క్షమాపణ అడిగి, దిగిన శూలం బయటికి రాకపోతే దాన్ని కోయించవలసి వచ్చింది, లోపల మిగిలిన ముక్కతోనే తిరిగాడు గనుక అతడు అణిమాండవ్యుడయ్యాడు. కథ అక్కడితో ఆగకపోవడంలోనే దాని గొప్పతనం ఉంది. చిన్నప్పుడు పురుగులను గడ్డిపోచతో పొడిచిన పాపానికి ఇది ఫలమని యముడు చెప్పినప్పుడు, మాండవ్యుడు ఆ లెక్కను అంగీకరించక, అల్పమైన తప్పుకు ఇంత శిక్ష వేసిన ధర్మదేవతనే శపించి, పద్నాలుగేళ్లలోపు చేసినదానికి పాపం అంటదని కొత్త కట్టడి చేశాడు. శిక్షించే అధికారం ఎంత ఉన్నతమైనదైనా, అది కూడా లెక్క చెప్పుకోవలసినదేనని ఆ ఘట్టం భావం. అయితే యముడికి పడిన శాపం శూద్రస్త్రీకి విదురుడుగా పుట్టడం. తప్పుడు శిక్షను సరిదిద్దిన కథే పుట్టుకను శిక్షగా వాడుకుంది. సంప్రదాయం తన మందులోనే తన రోగాన్ని కూడా దాచుకున్న ఇటువంటి చోట్లను చూడనట్టు నటించడం భక్తి అనిపించుకోదు.

ఇతర మత గ్రంథాలలోనూ ఈ పెనుగులాట ఉంది. తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాల వరకు రప్పిస్తానన్న దేవుని హెచ్చరిక నిర్గమకాండములో ఉంటే, పాపం చేసినవాడే దాన్ని భరించాలని, కుమారుడు తండ్రి దోషాన్ని మోయడని యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయం తేల్చి చెబుతుంది. పరదేశికైనా స్వదేశికైనా ఒకే న్యాయవిధి ఉండాలని లేవీయకాండము శాసిస్తుంది. ఒకరి భారాన్ని మరొకరు మోయరన్న మాట ఖురాన్‌లోని ఆరవ సూరాలోనూ వస్తుంది. ఈ చర్చలో అతిథి మర్యాదను గురించిన బోధలనే అందరూ ముందుగా తలచుకుంటారు గాని, అవి ఇక్కడ పెద్దగా ఉపకరించవు. ఆదరించడం గృహస్థుడి దయ మీద ఆధారపడిన ధర్మం. నేరం మోపకుండా ఉండడం దయ కాదు, ఎదుటివాడికి చెల్లించవలసిన బాకీ.

పుట్టుకనుబట్టి నేరాన్ని లెక్కగట్టడం ఎంత దూరం పోగలదో తెలుసుకోవడానికి తెలుగు పాఠకులు అట్లాంటిక్ దాటనక్కరలేదు. ఉత్తర భారతంలో 1871లో మొదలై, 1911లో మద్రాసు రాజధానికి విస్తరించిన నేరజాతుల చట్టం, కొన్ని సంచార కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసింది. తీరంలోని ఉప్పును ఎడ్ల మీద లోపలి ప్రాంతాలకు చేర్చి ధాన్యం తెచ్చుకునే ఎరుకలవారి వర్తకం, ప్రభుత్వ ఉప్పు విధానం వల్లనూ రైళ్ల వల్లనూ చితికిపోయింది. బతుకుతెరువు పోయిన తర్వాత వారి తిరుగుడే నేరానికి గుర్తుగా మారింది. వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా తర్వాతి సవరణల ద్వారా అధికారులకు దఖలైంది. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో వెలసిన స్టువర్టుపురం ఆ కాలపు సెటిల్‌మెంట్లలో ఒకటి. 1952 ఆగస్టు 31న చట్టం దేశమంతటా రద్దయింది. ఊరి పేరు మాత్రం 1991లోనూ 2023లోనూ తెలుగు సినిమాలకు గజదొంగల చిరునామాగా పనికివస్తూనే ఉంది.

చట్టం పోయినా పోలీసు ప్రకటనల్లో, పత్రికల్లో పార్థీ అన్న తెగ పేరు ముఠా పేరుగా ఇప్పటికీ చలామణి అవుతోంది. 2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకుపోయే పార్థీ ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పాకిన వదంతులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో రాత్రిళ్లు కర్రలతో కాపలాలు కాశారు. భాష తెలియని కూలీలు, మతి స్థిమితం లేనివారు, బిచ్చగాళ్లు దెబ్బలు తిన్నారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో చనిపోయినది ఒక ట్రాన్స్‌జెండర్. అడిగినదానికి అడిగినవారి భాషలో జవాబు చెప్పలేకపోవడమే వారిలో చాలామంది చేసిన అపరాధం.

ఇక ఈ వాదానికి ఎదురుగా నిలిచే అతి బరువైన మాట బాధితుల కుటుంబాల నుంచి వస్తుంది. 2024 ఫిబ్రవరిలో జార్జియా రాష్ట్రంలో, పరుగుకు వెళ్లిన ఒక నర్సింగ్ విద్యార్థినిని, అనుమతి లేకుండా సరిహద్దు దాటివచ్చిన వెనిజులా దేశస్థుడు హత్య చేశాడు. అతణ్ణి సరిహద్దు దగ్గరే ఆపి ఉంటే ఆమె బతికేది అన్న తల్లిదండ్రుల మాటను లెక్కలతో కాదనడం అమానుషం; నూరుమంది వలసదారులు మంచివారన్న సమాచారం ఆ ఇంటికి ఏ ఓదార్పూ ఇవ్వదు. కాని ఆ మాటలోని కారణత్వాన్ని జాగ్రత్తగా విడదీయాలి. కార్యానికి ముందు తప్పక ఉన్నదంతా కారణం కాదని నైయాయికులు చెబుతూ, కుండకు కుమ్మరి తండ్రి, మట్టి మోసుకొచ్చిన గాడిద అన్యథాసిద్ధాలని, అంటే ముందు ఉన్నా కారణమనిపించుకోనివని వర్గీకరించారు. హంతకుడు దేశంలోకి ప్రవేశించడం హత్యకు ముందు తప్పక ఉన్నదే. అతడు పుట్టడమూ అటువంటిదే. హత్యకు కారణం అతని సంకల్పం, అతని చేయి. ప్రవేశాన్ని అసలు కారణంగా నిలబెడితే, అదే దారిలో ప్రవేశించి ఆ రోజు రాత్రి ఎక్కడో పాత్రలు తోముతున్నవాడు కూడా హత్యలో భాగస్వామి అయిపోతాడు.

ఇంత మాత్రాన దేశాలకు సరిహద్దులు ఉండరాదని గాని, ఎవరిని రానివ్వాలో నిర్ణయించే హక్కు లేదని గాని అనడం అతి వాదం. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795లో శాశ్వత శాంతిని గురించి రాసిన గ్రంథంలో, పరదేశానికి వచ్చినవాణ్ణి వచ్చినంత మాత్రాన శత్రువుగా చూడరాదన్న హక్కును మాత్రమే అంగీకరించాడు, అతిథిగా ఉంచుకోమని కోరే హక్కును అంగీకరించలేదు. ఇక్కడ జాగ్రత్తకూ శిక్షకూ మధ్య గీత అవసరం. తలుపు దగ్గర ప్రభుత్వం సాధారణ నియమాలతో, తరగతులతో, సంభావ్యతలతో పనిచేయవచ్చు, వీసా ఇవ్వకపోవడం ఎవరినీ దోషిగా ప్రకటించడం కాదు. లోపల ఉన్న మనిషిని బంధించేటప్పుడు మాత్రం అతడు చేసిన పనే ఆధారం కావాలి. చట్టబద్ధమైన అనుమతి లేనివాణ్ణి ఆ కారణం చేతనే, వ్యక్తిగత విచారణ జరిపి పంపివేయడం గీతకు ఇవతలే ఉంటుంది. జార్జియాలో మరణించిన విద్యార్థిని పేరు పెట్టి 2025 జనవరిలో అమలులోకి తెచ్చిన చట్టం, అనుమతి లేకుండా ఉంటున్నవారిని దొంగతనం, దుకాణాల్లో చిల్లర చోరీ వంటి ఆరోపణల మీద అరెస్టు చేసినంతనే నిర్బంధంలో ఉంచాలంటుంది, నేరం రుజువు కావడం దానికి అక్కరలేదు. భటుల అనుమానం అక్కడ రాజు తీర్పు స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది, అందుచేత దాన్ని జాగ్రత్త ఖాతాలో వేయడానికి వీలులేదు.

ఆ నిర్బంధం నుంచి బయటపడే మార్గం వలస న్యాయస్థానం. దేశం నుంచి పంపివేసే విచారణ అమెరికా చట్టం దృష్టిలో సివిల్ వ్యవహారమే గాని నేర విచారణ కాదు. కాబట్టి అక్కడ దుబాసీని ఏర్పాటు చేస్తారు, స్తోమత లేనివాడికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పెట్టవలసిన బాధ్యత మాత్రం లేదు. అదే వ్యక్తి మీద దుకాణంలో చోరీ చేశాడన్న ఆరోపణ జైలుశిక్ష పడే కేసుగా నేర న్యాయస్థానానికి వెళితే, స్తోమత లేకపోయినా న్యాయవాది దొరుకుతాడు, రుజువయ్యేదాకా నిర్దోషి అన్న సూత్రమూ వర్తిస్తుంది. దేశంలో ఉండే హక్కును తేల్చే చోట, అభియోగానికి అర్థమేమిటో చట్టం తెలిసిన మనిషి చేత చెప్పించుకోవాలంటే అతడు తన డబ్బుతో చెప్పించుకోవాలి, లేదా తానే జవాబు చెప్పుకోవాలి.